దగ్గరి హైదరాబాదు, దూరపు వేలూరు

"ఏమన్నా అయితే మనకెట్ల తెలుస్తాదయ్యా?" అన్నాను.

అప్పటికింకా ఏమీ కాలేదు. మిద్దె మీద డిష్ బిగించే మనిషికి మా ఆయన మునికృష్ణ స్పానర్ అందిస్తున్నాడు, అంతే.

"ఏమవుతాది మే? గమ్మునుండు" అన్నాడు ఆయన.

ఈ భూమి మీద ఊళ్లు రెండే రకాలు. దగ్గరివి, దూరానివి. ఏది ఏదో ఆ ఊళ్లలో ఉండేవాళ్లకు తెలియదు. అది తేల్చడానికి డిష్ కంపెనీలో దూర సమీప నిర్ణయాధికారి అనే పెద్దమనిషి ఒకాయన ఉంటాడని నా నమ్మకం. (ఆయన్ను చూసినవాళ్లు లేరు. దూరంగా ఉంటాడు.)

ఆయన నియమం చాలా సులువు. డిష్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర రాజధాని ఆ ఇంటికి దగ్గర, దాని వార్తలే బొమ్మలో వస్తాయి. (మన రాష్ట్రం అప్పటికింకా రెండు కాలేదు.) కాబట్టి చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉన్న మా ఇంటికి, రాత్రంతా బస్సులో నడుములు విరగ్గొట్టుకుంటే గానీ రాని హైదరాబాదు దగ్గర. మా అమ్మాయి మహిత పొద్దున తిన్న ఇడ్లీ అరగకముందే చేరుకునే వేలూరు, అరవ రాష్ట్రంలో ఉంది కాబట్టి, దూరం.

మహిత వేలూరు ఆస్పత్రిలో నర్సు. రోజూ పొద్దున పోయి దీపాలు పెట్టే వేళకు వస్తుంది. ఏదో ఒకరోజు రాకపోవడానికి కావలసిన కారణాలన్నీ నా దగ్గర ముందే సిద్ధంగా ఉంటాయి. బస్సు బోల్తా, వాగు, బంద్, పిచ్చికుక్క, నిద్రపోయే డ్రైవరు. (నిద్రపోని డ్రైవరు కూడా. వాడు ఇంకా వేగంగా తోలుతాడు.)

కేబుల్ ఉన్న రోజుల్లో నా భయాలను కేబుల్ కుప్పయ్య చూసుకునేవాడు. ఆయన సొంత ఛానెల్లో పాత సినిమా కింద అక్షరాలు పరుగెత్తేవి. మున్సిపాలిటీ నీళ్లు రేపు వస్తాయి. కట్టమంచిలో ఎర్రావు తప్పిపోయింది. వేలూరు బస్సులు నడవడం లేదు. ఆ పైన అరవ ఛానెళ్లు ఉండేవి. నాకు అరవం చదవడం రాదు గానీ, వాన వార్తల్లో చూపించే మబ్బు బొమ్మ చదవడం వచ్చు. డిష్ వచ్చాక కుప్పయ్య కనబడలేదు (ఆయన ఛానెల్ ఆకాశం దాకా ఎక్కలేదు). అరవ ఛానెళ్లు దూరపువైపోయాయి. ఇప్పుడు హైదరాబాదులో ఏ సందులో మోకాలిలోతు నీళ్లున్నాయో నేను నిద్రలో కూడా చెప్పగలను.

కంపెనీకి ఫోన్ చేశాను.

"వేలూరు మీకు దూరపు ప్రాంతం కిందికి వస్తుంది మేడం" అన్నాడు ఆ పిల్లోడు.

"గంట ప్రయాణం నాయనా!"

"మా సిస్టంలో ప్రయాణం ఉండదు మేడం. అడ్రస్ ఉంటుంది."

వేలూరు రోడ్డులో సరిహద్దు చెక్‌పోస్టు దాటగానే ఉన్న పల్లెలో మా అన్న దొరస్వామి ఉంటాడు. ఆయనది తిరగేసిన కష్టం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, డిష్ చూపించేది మద్రాసు. "నన్ను పూర్తిగా అరవోణ్ణి చేసేసినారు పాపా. నీ అడ్రస్ నాకియ్యి, నా అడ్రస్ నువ్వు తీసుకో. సంతలో ఎద్దుల్ని మార్చుకోలా? అట్లనే" అన్నాడు.

మార్చుకున్నాం. ఆ రోజు నుంచి కంపెనీ లెక్కలో మేము చెక్‌పోస్టుకు అవతల కాపురముంటున్నాం, మా అన్న సంసారం గ్రీమ్స్‌పేటలో ఉంది. డిష్‌లు మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. ఇది నియమాలకు విరుద్ధం. తెలిస్తే రెండిళ్లలోనూ బొమ్మ ఆపేస్తారు.

"ఫోన్లో నువ్వు ఆడ ఉండావు. ఈడ లేవు. నోరు జారబాకు" అని మా ఆయన హెచ్చరించాడు.

కార్తీకం దాకా హాయిగా మబ్బు బొమ్మలు చూసుకున్నాను. తర్వాత తుఫాను వచ్చింది. మొదటి చినుకు డిష్ మీద పడగానే తెర నల్లబడి, సిగ్నల్ లేదు అని రాసుకుంది. (వానలన్నిటి గురించీ చెప్పే డిష్, మన ఇంటి మీది వాన గురించి మాత్రం చెప్పదు. కళ్లతో చూసుకుంటాం కదా అని దాని ఉద్దేశం.) పొద్దున్నే ఫిర్యాదు చేశాను. మెకానిక్ ఇంటికి వస్తాడన్నారు. ఏ ఇంటికి అని అడగబోయి నాలిక కరుచుకున్నాను.

దీపాల వేళయింది. మహిత రాలేదు. మా ఆయన బస్టాండుకు పరుగెత్తాడు. నేను కంపెనీకి ఫోన్ చేశాను.

"మెకానిక్ యాడ నాయనా? బొమ్మ రావాల. వేలూరు బస్సులు నడస్తా ఉండాయో లేదో చూడాల. మా పాప ఇంకా రాలా."

"మీరిప్పుడు ఇంట్లోనే ఉన్నారా మేడం?"

"ఆ... ఉండాను."

"మెకానిక్‌ను అడిగి కనుక్కుంటాను. లైన్లోనే ఉండండి."

సంగీతం మొదలైంది. తీగ వాద్యం వచ్చేసరికి బస్సు వాగులో దిగింది. పిల్లనగ్రోవికి నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. తబలా మొదలవగానే తిరుచానూరు అమ్మవారికి తలనీలాలు మొక్కుకున్నాను, నావి కావు, మా ఆయనవి.

ఆయనే తడిసి ముద్దయి వచ్చాడు. "బస్సుల్లేవంట మే. చెక్‌పోస్టుకు ఈపక్క వాగు పారతా ఉండాదంట. ముందు ఆ ఫోన్ పెట్టు, ఎవురన్నా చేస్తారేమో!"

"పెట్టేస్తే నా వరస పోతాది! మళ్లా తెలుగుకి రెండు నొక్కాల, ఫిర్యాదుకి మూడు నొక్కాల!"

ఆయన నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. సంగీతం కూడా అలిసిపోయి ఆగింది. మిద్దె మీద వాన ఒక్కటే.

చివరికి ఆ పిల్లోడి గొంతు పలికింది.

"మేడం, మెకానిక్ మీ ఇంట్లోనే ఉన్నాడు. టీవీ చక్కగా వస్తోందట. తలుపు తీసింది మీ అమ్మాయి మహితేనట. బస్సు ఆగిపోతే దిగి నడిచి వచ్చేసిందట, అన్నం తింటోంది. మీకు చెప్పాలని ఇందాకటి నుంచి ఫోన్ చేస్తుంటే మీ లైన్ ఎంగేజ్ వస్తోందట."

కంపెనీ లెక్కలో మా ఇల్లంటే మా అన్న ఇల్లే కదా అని అప్పుడు గుర్తొచ్చింది. అవతల కాగితం తిప్పిన చప్పుడయింది.

"మా రికార్డు ప్రకారం మీ అమ్మాయి ఇంట్లోనే ఉంది మేడం. ఇంట్లో లేనిది మీరే."