అత్తగారి అనుమతి

ఆ ఉదయం ఆఫీసులో ఏ ఫైలు తెరవాలన్నా మేనేజర్ గారి అత్తగారి అనుమతి కావాలని తేలింది.

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు అది. పాత సర్వర్‌లోని ఫైళ్లన్నిటినీ సెలవుల్లో క్లౌడ్‌కి చేర్చి, ఎవరు ఏది చూడవచ్చో, ఎవరు ఏది మార్చవచ్చో సిస్టమ్స్ ఇంజనీరు ఓపిగ్గా అమర్చాడు. ఇప్పుడేమో ఏది నొక్కినా 'యజమానిని అడగండి' అంటోంది. యజమాని స్థానంలో నల్ల కళ్లద్దాలతో అత్తగారి ఫొటో.

"కాసేపట్లో డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ ఇంటి ప్లాను తెరుచుకోకపోతే నీ ఉద్యోగం ఉండదు," అన్నాడు మేనేజర్.

"మీ అత్తగారిని నేను ఎప్పుడూ చూడనైనా లేదు సార్," అంటూ ఇంజనీరు అనుమతి కోరుతూ నొక్కాడు. వెంటనే ఆఫీసు ఫోన్ మోగింది, అత్తగారే. స్పీకర్ పెట్టాడు.

"ఎవరు నాయనా నువ్వు? పొద్దుట్నుంచి అనుమతి, అనుమతి అని అందరూ నా ప్రాణాలు తోడేస్తున్నారు. ఆ ప్లాను నీకెందుకు?"

"డాక్టరమ్మగారికి చూపించాలండీ."

"తెరిచి చూశాలే. వంటగదికి కిటికీ ఏది? ఇలాంటిది చూపించడానికి నేను ఒప్పుకోను."

మేనేజర్ ఫోన్ లాక్కున్నాడు. "అత్తయ్యా, ఇది ఆఫీసు విషయం. నాకు అనుమతి ఇచ్చేయండి."

"వరసలో రండి అల్లుడుగారూ. మీ ముందు ఇంకా చాలామంది ఉన్నారు."

అప్పటికే డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఎవరీవిడ? కిటికీ పెట్టమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా, ఇదే ఫ్యాషనన్నారు మీరు. ఇకమీదట నా ఇంటి సంగతి ఈవిడతోనే మాట్లాడతాను," అంది.

మేనేజర్ ముఖం మాడిపోయింది. "అంతా నీవల్లే. రాజీనామా రాసిచ్చి వెళ్లు," అన్నాడు ఇంజనీరుతో.

"ఆగండి," అన్నారు ఫోన్లో అత్తగారు. "ఆదివారం నా ట్యాబ్ తీసుకున్నది ఆ అబ్బాయి కాదుగా. ఎవరు తీసుకున్నారో చెబితేనే ప్లాను తెరుస్తాను. ఇక్కడ చెబుతారా, సాయంత్రం మా అమ్మాయి ముందు చెబుతారా?"

మేనేజర్ కాలరు సర్దుకున్నాడు.

"నేనే అత్తయ్యా. ఇతను నాకు చూసే అనుమతే ఇచ్చాడు, మార్చేది ఇవ్వలేదు. మేనేజర్ని నేనయ్యుండి ఇదేమిటని ఉక్రోషమొచ్చింది. ఆఫీసు బీరువాలో దాచిన, అన్నిటినీ మార్చగల అసలు పాస్‌వర్డ్ ఇంటికి పట్టుకొచ్చి, మీ ట్యాబ్‌లో 'నన్నే యజమానిని చెయ్యి' అని నొక్కాను. అందులో తెరిచి ఉన్నది మీ అకౌంటని చూసుకోలేదు. ఇంట్లో ఎలాగూ యజమాని మీరే కదా, ఆఫీసులోనైనా నేనుందామనుకున్నాను."