నాన్న ఫోను తాళం

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం మార్చురీ నుంచి నాన్నను అప్పగిస్తారు. ఆలోగా ఆయన ఫోనులోంచి మంచి ఫోటో ఒకటి తీసి స్టూడియోలో పెద్దది చేయించాలి. దర్జీగా బతికిన ఆ మనిషి ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వని వస్తువు ఆ ఫోనొక్కటే. దానికి నాలుగంకెల తాళం ఉంది.

"నా పుట్టినరోజే పెట్టుంటాడులే," అన్నాడు పెద్దకొడుకు. ఫోను ఒప్పుకోలేదు. కూతురు లోలోపల కాస్త సంతోషించి తన పుట్టినరోజు నొక్కింది. ఒప్పుకోలేదు. చిన్నకొడుకు తనదీ కొట్టి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"మనవి కాకపోతే మరెవరిదంటావు?" పెద్దకొడుకు గొంతు తగ్గించాడు.

ఆ మాటతో ఫోటో సంగతి అందరూ మరిచిపోయారు. ఈమధ్య నాన్న ఫోను చూసుకుంటూ ఒక్కడే నవ్వుకోవడం కూతురికి గుర్తొచ్చింది. అది తెరుచుకుంటే అమ్మ ఏం చూడాల్సి వస్తుందోనని ఆమెకు భయం పట్టుకుంది. తెరుచుకోకపోతే తనకు నిద్ర పట్టదు.

"వేలిముద్ర ఉందిగా అన్నయ్యా!" అన్నాడు చిన్నవాడు.

అందరూ మార్చురీకి పరుగెత్తారు. అమ్మ వెనకే వచ్చింది. అక్కడి కాపలాదారు నాన్నను ఉంచిన సొరుగు లాగాడు. కత్తెర పట్టి కాయకాచిన బొటనవేలిని పెద్దకొడుకు ఫోనుకు ఆనించాడు. గుర్తించలేదు.

"చల్లబడితే తీసుకోదు బాబూ. నిన్న ఇలాగే ఇంకొకరి కోసం వచ్చినవాళ్లు రుద్ది రుద్ది వేడి చేశారు," అన్నాడు కాపలాదారు.

"తీసుకుందా?"

"లేదు. కానీ అలసిపోయి, కొట్టుకోకుండా వెళ్లారు."

పెద్దవాడు రుద్దాడు, చిన్నవాడు ఊదాడు. "మెల్లిగా, నొప్పి..." అనబోయి కూతురు నోరు మూసుకుంది. విసుగెత్తిన పెద్దకొడుకు నాన్న షాపు డోరు నంబరు నొక్కాడు. ఇంకొక్కసారి తప్పితే లోపలున్నదంతా చెరిగిపోతుందని ఫోను హెచ్చరించింది.

"పెద్దాడివి, నువ్వే నొక్కు," అన్నాడు చిన్నవాడు.

"ఆ, నొక్కుతా! తర్వాత జీవితాంతం నన్ను దెప్పడానికా?"

"ఇలా ఇవ్వండి," అంది అమ్మ. తడుముకోకుండా నాలుగంకెలు నొక్కింది. ఫోను నల్లబడింది. అంతా చెరిగిపోయింది.

"అయ్యో అమ్మా! నీకు నంబరు తెలుసనుకున్నామే!"

"తెలుసు. అందుకే అది తప్ప వేరేది నొక్కాను."

"తెలిస్తే పొద్దున్నే చెప్పొచ్చుగా?" అంది కూతురు.

"నన్నెవరడిగారు?" అమ్మ నాన్న చేతిని దుప్పటి కిందికి సర్దింది. "షాపులో రోడ్డు మీద అందరికీ కనిపిస్తూ కూర్చునేవాడు. ఇంట్లో మన మధ్య పడుకునేవాడు. లోపలికెళ్లి గడియ పెట్టుకోవడానికి ఆయనకున్నది ఇదొక్కటే. పోయిన మనిషి వేలు పట్టుకుని ఆ తలుపు తోస్తారా?"

"అందులో ఏముందో నీకు తెలుసా?"

"నేనెప్పుడూ తియ్యలేదు."

ఇంతలో ఫోను కొత్తదానిలా వెలిగి, స్వాగతం చెప్పి, తమ పేరేమిటని ఎంతో మర్యాదగా అడిగింది. ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు.