గుసగుసల వేలం

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ కాచుకోవాలి, చెరువు ఒడ్డున మడత కుర్చీలు వేసుకోవాలి, సాయంత్రం దాకా వాటిలోంచి లేవకూడదు. మర్నాడు పొద్దున్నే క్యాంపర్ వ్యాను ఎక్కి ఇంటిదారి పట్టాలి. ఇందులో మైకు మావయ్య చేయాల్సిన పని ఒక్కటే. నోరు మూసుకోవడం.

మైకు మావయ్య మార్కెట్ యార్డులో పాత సామాన్లు వేలం వేస్తాడు. ఆయనకు మైకు అక్కర్లేదు కాబట్టి మార్కెట్ జనం ఆయనకే ఆ పేరు పెట్టారు. అంతటి గొంతులో ఉన్నట్టుండి వాపు వచ్చింది. డాక్టరు టార్చి వేసి చూసి, "వారం రోజులు ఒక్క మాట బయటికి రాకూడదు. గుసగుసలు కూడా వద్దు. మాట్లాడారంటే కోత తప్పదు. కోశాక ఈ గొంతు వేలానికి పనికొస్తుందా అంటే నాది పూచీ కాదు" అన్నాడు. మావయ్యకు వేరే పని రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

ఇంట్లో ఉంటే గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడితోనూ మాట్లాడేస్తాడని భార్యకు తెలుసు. అందుకని పడక, పొయ్యి, తొట్టి అన్నీ ఉన్న వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని, తనే స్టీరింగ్ పట్టి, దారిలో ఎక్కడ ఇలాంటి వ్యాన్లు నిలుపుకునే సందడి లేని పార్కు ఉంటే అక్కడల్లా ఆపుతూ వచ్చింది. ఆపినచోటల్లా మాట్లాడింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె మొదలుపెట్టిన వాక్యాలన్నీ మావయ్యే పూర్తి చేస్తూ వచ్చాడు. ఈ వారం ఆమె తన వాక్యాలను తనే, నింపాదిగా, చివరిదాకా చెప్పుకుంది. మావయ్య వింటూ కూర్చున్నాడు. తన భార్య ఇంత చమత్కారంగా మాట్లాడుతుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ మాటే ఆమెకు చెప్పాలనుకున్నాడు, కానీ నోరు కట్టేసి ఉంది.

ఈ పార్కు అన్నింటికంటే ప్రశాంతమైనది. చెట్ల కింద ఐదారు వ్యాన్లు, గేటు దగ్గర "దయచేసి మెల్లగా మాట్లాడండి" అని బోర్డు. వాషరు పోయిన కుళాయి ఒకటి టప్ టప్ మంటూ కారడం తప్ప చప్పుడన్నదే లేదు.

మావయ్య ఆ కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడ్డాడు. పక్క వ్యాను ఆవిడ వచ్చింది. నర్సు ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి, ఎవరు తుమ్మినా నాడి పట్టుకుని చూసే అలవాటు ఇంకా పోలేదు.

"ఎక్కడినుంచి వస్తున్నారండీ?"

మావయ్య గొంతు పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"అయ్యయ్యో, గొంతా? ఎన్నాళ్ళ నుంచి? డాక్టర్లు ఏమన్నారు?"

మావయ్యకు తెలిసిన సైగల భాష ఒకటే ఉంది, అది మార్కెట్ భాష. అక్కడ పిడికిలితో అరచేతిలో గుద్దితే బేరం ముగిసిందని, సరుకు చేతులు మారిందని అర్థం. ఇంకొక్క రోజు ఓపిక పడితే ఈ గొడవ ముగిసిపోతుందని చెప్పడానికి ఆయన ఒక వేలు చూపించి, అరచేతిలో ఠప్పున గుద్దాడు. ఆ మీదట హాయిగా నవ్వాడు కూడా.

నర్సమ్మ ముఖం పాలిపోయింది. "ఒక్క రోజేనా?" అంది.

అవునని మావయ్య ఉత్సాహంగా తల ఊపాడు.

బిందె నిండేలోగా ఆ కబురు పార్కంతా పాకింది. అది మెల్లగా మాట్లాడే పార్కు కాబట్టి కబురు కూడా మెల్లగానే పాకింది గాని, ఒక్క వ్యానునూ వదలలేదు. కాసేపటికి ఒకాయన వేడి వేడి సూప్ గిన్నె తెచ్చి పెట్టాడు. ఒక కొత్త పెళ్ళికూతురు దిండు తెచ్చి మావయ్య నడుము వెనక సర్దింది. ఇంకొకాయన వచ్చి మావయ్య భుజం తట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎంత మంచి మనుషులో అనుకుని మావయ్య మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఆయన వ్యాను కిందికి దూరి మురికినీళ్ళ గొట్టం విప్పుతుండగా, మెట్టు మీద కూర్చున్న భార్య దగ్గరికి నర్సమ్మ వచ్చింది.

"రేపేనటగా అమ్మా?"

"అవునండీ, రేపటితో సరి" అంది భార్య. "అయినా మీకు చెప్పకేం, ఈ వారం ఎంత ప్రశాంతంగా గడిచిందో! నాకైతే అలవాటైపోయింది."

నర్సమ్మ గొంతు తగ్గించి, "ఆయన... భయపడటం లేదా?" అంది.

"మొదట్లో గిలగిల్లాడారు. ఇప్పుడు దారికొచ్చారు. ఎల్లుండి నుంచి మళ్ళీ నా పనులు నేను చూసుకోవాలి. కర్టెన్లు ఉతికి ఎన్నాళ్ళయిందో."

"ఎంత గుండె నిబ్బరం తల్లీ నీది!" అని నర్సమ్మ ఆమెను కావలించుకుంది. భార్యకు విషయం అర్థం కాకపోయినా, మెచ్చుకోలు కాబట్టి కాదనలేదు. కింద గొట్టం పట్టుకుని వింటున్న మావయ్య మాత్రం, నేను మాట్లాడకపోతే అంత హాయిగా ఉందా అని కొంచెం నొచ్చుకున్నాడు.

సాయంత్రం పార్కు కాపలాదారు వచ్చి, అందరూ చెరువు దగ్గర కలుస్తున్నారని, తప్పక రావాలని పిలిచాడు. వెళ్ళేవాళ్ళకు వీడ్కోలు ఇవ్వడం ఇక్కడి పద్ధతి కాబోలని మొగుడూపెళ్ళాలిద్దరూ అనుకున్నారు. వీళ్ళను మధ్యలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ లేచి, పొద్దున్నే పరిచయమైన మావయ్య గురించి రెండేసి మంచి మాటలు చెప్పారు. సూప్ ఆయన "అంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు" అన్నాడు. కొత్త పెళ్ళికూతురు "అవతలివాళ్ళు చెప్పేది అంత శ్రద్ధగా వినే మగవాళ్ళు ఎక్కడున్నారు?" అంది. భార్య మొగుడి వంక అనుమానంగా చూసింది.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు కాపలాదారు ఒక బల్ల తెచ్చి వేశాడు. దాని మీద తలా ఒక వస్తువు పెట్టారు. వేలం వేసి, వచ్చింది ఒక మంచి పనికి ఇద్దామని ఆయన చెప్పాడు. ఆ మంచి పని, రేపటి నుంచి ఒంటరి కాబోయే ఆ ఇల్లాలికి ఆసరా అని అందరికీ తెలుసు, ఆ ఇల్లాలికీ ఆమె మొగుడికీ తప్ప.

వేలం అన్న మాట వినగానే మావయ్య వెన్ను నిటారైంది. భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. "మీకు సంబంధం లేదు. రేపటి దాకా రాయిలా కూర్చోండి."

రాయిలా కూర్చోవడానికే ఆయన ప్రయత్నించాడు. కానీ కాపలాదారు పార్కు నియమం తప్పని మనిషి. వేలం కూడా గుసగుసగానే వేశాడు. ముందువరుసకే వినపడని గొంతుతో, "ఈ కుర్చీ ఎవరికైనా కావాలాండీ? వద్దా? పర్లేదు, మొహమాటపడకండి" అన్నాడు. ఒకాయన చెవి గోక్కుంటే అదే వేలం పాట అనుకుని చెక్కిన టేకు కుర్చీ ఆయనకు కట్టబెట్టేశాడు. ఒకటోసారీ రెండోసారీ మూడోసారీ ఒకే ఊపిరిలో కలిపేశాడు. మావయ్య నుదుట చెమటలు పట్టాయి. చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. ఆ అవస్థ చూసి నర్సమ్మ "దగ్గర పడింది" అని పక్కావిడ చెవిలో చెప్పింది.

చివరికి ఇత్తడి లాంతరు బల్ల మీదికి వచ్చింది. పొద్దుటినుంచీ గేటు దగ్గర వేలాడుతున్న దానిని మావయ్య వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కళ్ళతోనే తూకం వేస్తూ ఉన్నాడు. కాపలాదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "పాతదైపోయింది లెండి. ఎవరైనా ఊరికే తీసుకుపోండి" అన్నాడు.

ఊరికే!

"ఆగవయ్యా!"

ఆ కేకకు చెరువు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. చేతిగుడ్డ ఎక్కడ పడిందో తెలియదు. మావయ్య బల్ల దగ్గరికి ఒక్క అంగలో చేరి లాంతరు ఎత్తి పట్టాడు. "అసలు సిసలు ఇత్తడి! అద్దం మీద గీత లేదు, అడుగున సొట్ట లేదు! మీ మనవల మనవలు వెలిగించుకునే సరుకు! ఒకటోసారి! ఏమయ్యా సూప్ అన్నా, నిద్రపోతున్నావా?"

సూప్ ఆయన బెదిరిపోయి చెయ్యెత్తాడు. నర్సమ్మ "మాటొచ్చింది! మనిషి లేచాడు!" అంటూ కుర్చీలో కూలబడింది. ఆ దెబ్బతో లాంతరే కాదు, బల్ల మీదున్నవన్నీ మంచి ధరకు అమ్ముడుపోయాయి. చివర్న బల్ల కూడా పోయింది.

భార్య లేచి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇంకొక్క రోజు ఆగలేకపోయారా? రేపటితో అయిపోయేది కదా! వారం కష్టం బూడిదలో పోశారు కదా!"

పార్కంతా ఆమె వైపు తిరిగింది. నర్సమ్మ లేచి మావయ్యకు అడ్డంగా నిలబడింది. "ఇదేం చోద్యమమ్మా? ఆయన పోవాలని నీకంత తొందరేమిటి?"

"పోవడమా? ఎక్కడికి?"

అక్కడినుంచి ఆ చిక్కుముడి విప్పేసరికి చీకటి పడింది. భార్య చేతులు తిప్పుతూ, గొంతు చించుకుంటూ, ప్రతి వ్యానుకూ విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. విన్నవాళ్ళు విన్నట్టే పడీ పడీ నవ్వారు. సూప్ ఆయన మాత్రం గిన్నె తిరిగి అడిగి పట్టుకుపోయాడు. వేలం డబ్బు ఏం చేయాలో తెలియక కాపలాదారు నీళ్ళు నములుతుంటే, మావయ్య చెరువు అవతలికి వినిపించేలా, "ముందు ఆ కుళాయికి వాషరు వేయించవయ్యా!" అన్నాడు.

మర్నాడు దారి పొడుగునా భార్య స్టీరింగ్ తిప్పుతూ తిట్టింది. మావయ్య నోరెత్తలేదు. కోత మాట తలుచుకుని గొంతు తడుముకుంటూ కూర్చున్నాడు. డాక్టరు ముందు కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు.

డాక్టరు టార్చి ఆర్పాడు. "భేష్! వాపు మచ్చుకైనా లేదు. చెప్పినమాట ఇంత బుద్ధిగా విన్న మనిషిని మిమ్మల్నే చూశాను. ఒక్క కేకైనా వేయలేదు కదా?"

మావయ్య పైకప్పు వైపు చూశాడు. అసలు సంగతి చెప్పడానికి భార్య నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి గాలి కూడా సరిగ్గా రాలేదు.

డాక్టరు టార్చి ఆమె వైపు తిప్పి, చూసి, నిట్టూర్చాడు. "వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదమ్మా. గుసగుసలు కూడా వద్దు."

మావయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడుతుంటే ఎంత బాగుందో చెబుదామని వారమంతా ఆగాను" అన్నాడు. "తీరా చెప్పే వేళకి నీ గొంతు పోయింది."

 ఆమె కిటికీలోంచి బయట ఆగి ఉన్న వ్యానును చూపించి, ఇంకొక్క వారం అన్నట్టు ఒక వేలు ఎత్తి, పిడికిలితో అరచేతిలో ఠప్పున గుద్దింది.

ఒకటోసారి, రెండోసారి అనకుండా మైకు మావయ్య ఖాయం చేసిన బేరం అదొక్కటే.