మండలాధ్యక్షుల వారి రోగ వీలునామా

"నాకు ఎప్పుడు ఏ రోగం వచ్చినా, నా వైద్యం మన ఊరి సర్కారు దవాఖానలోనే జరగాలె!" అని మండలాధ్యక్షులు జలపతి రావు గారు మైకులో ప్రకటించగానే ఎర్రగుంటపల్లె చప్పట్లతో దద్దరిల్లింది. అంతటి త్యాగం చుట్టుపక్కల ఎవరూ చేసి ఉండరు. ఆ దవాఖానకు మూడేళ్లుగా డాక్టరు లేడు. ఆ సంగతి అందరికంటే రావుగారికే బాగా తెలుసు. దవాఖాన కమిటీ చైర్మన్ ఆయనే.

త్యాగానికి కారణం ఓ గోడ పోస్టరు. 'దొరకు దగ్గొస్తే హైదరాబాద్, జనానికి దగ్గొస్తే తాళం' అని అడవిలోని అన్నలు ఎర్రరంగుతో రాసిపోయారు. రావుగారు వెంటనే జగిత్యాల నుంచి వకీలు కరుణాకర్ రావును పిలిపించి స్టాంపు కాగితం మీద వీలునామా రాయించారు. ఆస్తిది కాదు. రోగం ముదిరి నోట మాట రానప్పుడు తనకేం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ముందే చెప్పి పెట్టే కాగితం. ఒకటో షరతు, ఊరి దవాఖానే. రెండో షరతు, హైదరాబాద్ తీసుకపోరాదు. మూడోది వకీలు సొంత తెలివి: బుద్ధి చెదిరి నేనే పోదామన్నా నా మాట వినరాదు. చప్పట్లు ఎక్కువ పడ్డది దీనికే.

సాక్షి కావాలి కదా. దవాఖానలో మిగిలిన సిబ్బంది మొత్తం ఆయా లసుమవ్వ. ఆమెతో వేలుముద్ర వేయించారు.

"తప్పితే ఏమైతది సారూ?" అని అడిగిందామె.

"జైలే," అన్నాడు వకీలు, పత్రికలవాళ్లు రాసుకుంటున్నారని.

లసుమవ్వ ఆ మాట కొంగుకు ముడేసుకుంది. దవాఖాన తాళంచెవి కూడా ఆ ముడిలోనే ఉంది. ఇంట్లో మొగుడు రాములు సిరిసిల్ల మరమగ్గాల దూది పీల్చి పీల్చి, మూడు నెలలుగా కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. డాక్టరును వేయమని ఆమె పెట్టించిన దరఖాస్తులన్నీ రావుగారు పరిశీలిస్తూనే ఉన్నారు. పెద్ద నాయకులు ఏదీ తొందరపడి చేయరు.

పదో రోజు ఆదివారం. పగటి భోజనం కాగానే రావుగారు గుండె పట్టుకుని కూలబడ్డారు.

"జీపు తియ్‌రా వెంకటీ! హైదరాబాద్!"

కేకలకు పోగైన జనంలోంచి వచ్చి జీపుకు అడ్డంగా లసుమవ్వ నిలబడింది. "మూడో షరతు దొరా. మీకు బుద్ధి చెదిరింది."

"నాకేం కాలేదే, బుద్ధి బాగనే ఉన్నది! సచ్చిపోతున్ననే!"

"ఇన్నరా?" అని ఆమె జనం వైపు తిరిగింది. "బాగనే ఉన్ననంటరు, సచ్చిపోతున్ననంటరు. పొంతనున్నదా?"

డ్రైవరు వెంకటి గేటు పక్క గోడ చూశాడు. అక్కడ కొత్త పోస్టరు: 'దొర మాట మీద నిలబడాలి. మేం చూస్తుంటాం.' జీపు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"పిల్లలు గలోన్ని దొరా," అన్నాడు.

నలుగురు మంచం ఎత్తుకుని దవాఖానకు నడిచారు.

ఇక సర్కారు ఎంత చురుకైనదో జనం కళ్లారా చూశారు. ఎస్సై వైర్‌లెస్ సెట్లో రెండు ముక్కలు మాట్లాడాడు. మూడేళ్లు రాని డాక్టరు మూడు గంటల్లో వచ్చాడు. ఆయన వెంట కోరుట్ల నుంచి ఆక్సిజన్ సిలిండరు, ఈసీజీ మిషను, సిరిసిల్ల నుంచి కొత్త దుప్పట్లు, వ్యాను నిండా మందులు. దవాఖానకు బల్బు కూడా పెట్టారు.

డాక్టరు ఈసీజీ కాగితం చూశాడు. "మధ్యాహ్నం ఏం తిన్నారు సార్?"

"తలకాయ కూర."

"ఎంత?"

"రెండు తలకాయలు."

"గ్యాస్ సార్."

రావుగారు ఒక్క త్రేన్పుతో కోలుకున్నారు. అయినా అంతటివారిని గంటసేపైనా పరిశీలనలో ఉంచాలన్నాడు డాక్టరు. ఆ గంటలో లసుమవ్వ ఇంటికి ఉరికింది. రాములును వీపున మోసుకొచ్చి పక్క మంచం మీద దించింది. డాక్టరు సూది వేశాడు, ఆక్సిజన్ పెట్టాడు, వారానికి గోలీలిచ్చాడు. మూడు నెలల్లో మొదటిసారి రాములు వెల్లకిలా పడుకుని గురకపెట్టాడు. ఆ గురక వింటూ లసుమవ్వ గోడకానుకుని నిలబడిపోయింది.

మర్నాడు పత్రికలో రావుగారి ఫొటో, కింద 'ఊరి దవాఖానలోనే కోలుకున్న అధ్యక్షులు'. అదే రోజు డాక్టరు, సిలిండరు, మిషను, దుప్పట్లు వచ్చిన వ్యానులోనే వెళ్లిపోయాయి. బల్బు కూడా.

మరుసటి ఆదివారం పొద్దున్నే లసుమవ్వ రావుగారి వాకిట్లో నిలబడింది. చేతిలో మోదుగాకులతో చుట్టిన మూట.

"ఏందే లసుమవ్వా?" అన్నారు రావుగారు, రెండడుగులు వెనక్కి వేసి.

"మా ఆయన గోలీలు నిన్నటితోని ఒడ్సినయ్ దొరా. మల్ల కూసునే పంటున్నడు." మూట అరుగు మీద పెట్టింది. "గివి రెండు తలకాయలు. లేత మేకలయి. పగటి బువ్వల తినుండ్రి. దవాఖాన తాళం తీసి, ఊడ్సి పెట్టిన."