గొట్టం మీద అరచెయ్యి

ఉద్యోగం చెయ్యడం ఎవరికైనా వస్తుంది. మానెయ్యడమే గురుముఖతః నేర్చుకోవాల్సిన విద్య! ఈ మాట ఘంటాపథంగా చెప్పే అర్హత నాకుంది. వాటర్ వర్క్స్ పంప్‌హౌస్‌లో ముప్పై నాలుగేళ్లు ఆపరేటర్‌గా పనిచేసి, కిందటి నెలే డిస్టింక్షన్‌లో రిటైరయ్యాను.

పూర్వం రిటైరైనవాళ్లను తలుచుకుంటే జాలేస్తుంది. సాయంత్రం దాకా పనిచేసి, ఇచ్చిన గోడ గడియారం చంకన పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. మర్నాడు పొద్దున లేచి ఏం చెయ్యాలో చెప్పిన నాథుడే లేడు. ఎంత అన్యాయం!

మా ఆఫీసు నన్నలా గాలికొదిలెయ్యలేదు. పన్నెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చింది. మొదటిరోజు ఊపిరి పీల్చడం నేర్పారు. అరవయ్యేళ్లుగా తప్పు పీలుస్తున్నానట! ఇన్నాళ్లూ ఎలా బతికానో నాకే ఆశ్చర్యం. మూడోరోజు కుండీలో మొక్క నాటడం. దానికి నీళ్లెంత పొయ్యాలో కూడా చెప్పారు. సగం ఊరికి నీళ్లు తోలినవాడికి ఆ మాత్రం సలహా అవసరమే కదా?

ఐదోరోజు పాఠం, జీవిత భాగస్వామితో సంభాషణ. ఇంటికెళ్లగానే మా ఆవిణ్ణి, “ఈరోజు నీ మనసుకెలా ఉంది?” అని అడిగాను. ఆవిడ నా నుదురు ముట్టుకు చూసి, “జ్వరమేం లేదే. ఆ డబ్బా మూత తీసిపెట్టండి” అంది. సంభాషణ దిగ్విజయంగా ముగిసింది.

మరి నాకిన్ని నేర్పినవాళ్లు, నా దగ్గర నేర్చుకోవడం మరిచిపోతారా? అబ్బే! చివరిరోజున కేకుకూ ఫొటోకూ మధ్య ‘నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్’ అని అరగంట కేటాయించారు. ఫొటోగ్రాఫర్ తొందరపడటంతో అది పది నిమిషాలైంది.

నా స్థానంలోకొచ్చిన ఆపరేటరమ్మ పాపం నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చుంది. నేను “నాలుగో వాల్వు ఉంది చూశావామ్మా…” అన్నానో లేదో, మేనేజరు గారు అడ్డొచ్చారు. “అవన్నీ మాన్యువల్‌లో ఉన్నాయండీ. కంప్యూటర్ పాస్‌వర్డ్ చెప్పెయ్యండి, చాలు.”

చెప్పేశాను. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఎనిమిది అక్షరాల్లో ఇమిడిపోయింది!

మొన్న ఆదివారం ఆమె మా ఇంటికొచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

“కరెంటు పోయొచ్చాక మాన్యువల్‌లో ఉన్నట్టే వాల్వు మొత్తం తెరిచాను సార్. రెండు వీధులకి బురదనీళ్లు పోయాయి. మెమో ఇచ్చారు. ఇంకోసారైతే ఉద్యోగం ఉండదన్నారు. నేనేం తప్పు చేశానండీ?”

తప్పు ఆమెది కాదు. మా పాత గొట్టం అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఉంది. పంపు ఆగి మళ్లీ మొదలైనప్పుడు వాల్వు పావువంతే తిప్పాలి. గొట్టం మీద అరచెయ్యి ఆనించి, వణుకు తగ్గేదాకా ఆగాలి. ఆ తర్వాతే మిగతాది. ఆ వణుకు ఏ పేజీలో రాస్తారు? పక్కన నిలబడి, చెయ్యి పెట్టించి చూపించాలి. నాకిచ్చిన పన్నెండు రోజుల్లో ఒక్కరోజు మా ఇద్దరికీ కలిపి ఇచ్చుంటే సరిపోయేది. ఆమె ముఖం చూస్తుంటే నాకు సిగ్గేసింది, కడుపు కూడా మండింది.

వెంటనే ఆమెతో పాటు పంప్‌హౌస్‌కి బయల్దేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

“మీరెవరో నాకు తెలీకపోవడమేంటి సార్. కొత్త రూలండీ. రిటైరైనవాళ్లు లోపలికి రావాలంటే వారం ముందు అర్జీ పెట్టాలంట.”

అక్కడే నిలబడి అర్జీ రాశాను. ‘వచ్చిన పని’ అన్నచోట ‘నాలుగో వాల్వు నేర్పడానికి’ అని పెట్టాను. సాయంత్రం మేనేజరు గారే ఫోన్ చేశారు. “ఇంకా ఇవన్నీ మనసులో పెట్టుకుంటే ఎలాగండీ? హాయిగా రెస్టు తీసుకోండి” అన్నారు. నా ఆరోగ్యం గురించి ఎంత బెంగో! అర్జీ మాత్రం పరిశీలనలో ఉందట.

కనుక పాఠకులారా, ఈ వారం కరెంటు పోయొస్తే కాసేపు కుళాయి కింద బిందె పెట్టకండి. బురదే వస్తే ఆ ఆపరేటరమ్మను తిట్టకండి. ఆమె నేర్చుకోనని అనలేదు. నేర్పాల్సినవాణ్ణి గేటు బయట ఖాళీగానే ఉన్నాను.