ఊరుమ్మడి సంతకం

ఆ సోమవారం పొద్దున దావీదురాజు పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవడం ఒకటి. కోడుమూరు దాకా నడిచిపోయి, అక్కడ మకాం వేసిన తాసీల్దారు చేత నడవడి పత్రం రాయించుకోవడం రెండు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి అమ్మ చేతి కొర్రన్నం తిని పెట్టె సర్దుకోవడం మూడు. మర్నాడు సాయంత్రం కర్నూలులో రైలెక్కితే గురువారానికి మదరాసు లా కాలేజీలో చేరిపోవచ్చు. గురువారం దాటితే మళ్ళీ ఏడాది దాకా చేర్చుకోరు. "ఇతని నడవడి మంచిది, ఇతని మీద ఏ కేసూ లేదు" అని తాసీల్దారు రాసిచ్చిన కాగితం లేకపోతే అసలే చేర్చుకోరు. ఇది పందొమ్మిది వందల ముప్పై ఆరు నాటి మాట.

"తాసీల్దారు ముందర ఇంగ్లీషు ఎక్కువ మాట్లాడొద్దు నాయనా. ఆయప్పకు నీకంటే తక్కువొస్తే కోపమొస్తాది" అంది తల్లి రాహేలమ్మ.

"నేను చేసిన సేవ గురించి చెప్తానమ్మా. అది ఏ భాషలో చెప్పినా బాగానే ఉంటాది" అన్నాడు దావీదురాజు, అద్దంలో తనను తాను మెచ్చుకుంటూ.

సేవ చేశాడన్నది నిజమే. ఏప్రిల్‌లో బి.ఏ. పరీక్ష రాసి ఊరికి వచ్చినప్పటి నుంచి అతను ఎవరినీ ఊరికే కూర్చోనివ్వలేదు. కొట్టాల అనే ఆ ఊళ్ళో ఉన్నవి నలభై గడపలు, ఒక చిన్న క్రైస్తవుల గుడి. ఆ గుడిలో ప్రార్థనలు, పెళ్ళిళ్ళు జరిపించే ఉపదేశి అతని తండ్రి ఆనందం. పక్క ఊళ్ళ వాళ్ళంతా చెరుకు పంటల గురించి మాట్లాడుకుంటుంటే ఈ ఊళ్ళో జనం వాన గురించి మాట్లాడుకునేవారు. దావీదురాజు వచ్చాక పరిశుభ్రత గురించి, పౌరధర్మం గురించి వినడం కూడా అలవాటు చేసుకున్నారు. చివరికి అతను గుడి వసారాలో నిలబడి ఒక శపథం చేశాడు. "నేను మదరాసుకు పోయే లోపల ఈ ఊళ్ళో వేలిముద్ర అనేది లేకుండా చేస్తా!"

ఎండకు పనులు నిలిచిపోయే మధ్యాహ్నం వేళ ముప్పై ఒక్కమంది పలకలు పట్టుకుని వసారాలో చేరారు. అందరికంటే పెద్దది జీవమ్మ. అరవై అయిదేళ్ళుంటాయి, నోటికి పదును ఇంకా తగ్గలేదు. మొదటిరోజు దావీదురాజు గోడమీది నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసి, "సంతకమంటే ఇదీ. దీన్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. తర్వాత అక్షరజ్ఞానం గొప్పదనం మీద గంటన్నర ఉపన్యసించాడు. ఎవరి పేరు వాళ్ళకు విడివిడిగా రాసిద్దామని రెండోరోజుకు అనుకున్నాడు గానీ, రెండోరోజు ఉపన్యాసం ఇంకా పొడుగయింది. మూడోరోజు దాన్ని మించింది.

రెండు వారాలయ్యాక పలకలు తీసి చూశాడు. ముప్పై ఒక్క పలకల మీదా ఒకటే మాట: దావీదురాజు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన మీద ఊరికి ఇంత అభిమానం ఉందని అతను అనుకోలేదు. నిజానికి అనుకున్నాడు గానీ, మరీ ఇంత అనుకోలేదు. ఆ వేళ డైరీలో ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకుని, కింద తన ఇంగ్లీషు సంతకం పెట్టి, దానికి అలవాటు ప్రకారం రెండు తోకలు గీశాడు. హైస్కూలు నుంచి అతను తెలుగులో సంతకం పెట్టిన పాపాన పోలేదు.

"ఇకమీదట ఏ కాగితానికీ వేలు ముంచొద్దు. నేర్చుకున్న సంతకం పెట్టండి" అని ఊరందరికీ చెప్పాడు. కాగితాలు తాను రాసిచ్చి, సంతకాలు మాత్రం ఇంటికి పోయి పెట్టుకోమనేవాడు. జనం అతని మాట జవదాటలేదు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది.

కోడుమూరులో తాసీల్దారు దిగిన బంగళా వసారాలో గుమాస్తా రామకోటయ్య కాగితాల కట్టల మధ్య మెడ వరకు మునిగి ఉన్నాడు.

"పేరు?"

"దావీదురాజు, బి.ఏ."

రామకోటయ్య కలం కింద పెట్టాడు. "కొట్టాల దావీదురాజా?"

"అవునండీ." తన సేవ ఇంతదూరం పాకిందా అని దావీదురాజు ఛాతీ కొంచెం పొంగింది.

రామకోటయ్య లేచి లోపలికి తిరిగి కేకేశాడు. "అయ్యా! దొరికినాడు!"

తాసీల్దారు నడివయసు మనిషి. ఇరవయ్యేళ్ళుగా అర్జీలు చదివి చదివి ఆయనకు లోకం మీద కోపమూ పోయింది, ఆశా పోయింది. దావీదురాజును ఎగాదిగా చూసి, కుర్చీ చూపించకుండానే ఒక కాగితం తీసి చదివాడు.

"నా పెరట్లో మేకలు పడి సొరపాదు, చిక్కుడుపాదు మేసినవి, న్యాయము దయచేయగలరు. ఈ రాత ఎవరిది?"

"నాదేనండీ. జీవమ్మవ్వకు రాయడం రాదని నేనే..."

"మేకలు నావే, తప్పయినది, క్షమించగలరు. ఇదెవరి రాత?"

"అదీ నాదే. పెద్దన్న మామకు కూడా రాయడం రాదు. ఇద్దరికీ సమంగా సేవ చేయాలని..."

"మేకలు పడగా కళ్ళారా చూచినాను. ఇది సాక్షి. దీని రాతా నీదే. సరే, రాసిపెట్టినావు. మరి సంతకాలు?" తాసీల్దారు మూడు కాగితాలూ బల్లమీద పరిచాడు. "ఫిర్యాది దావీదురాజు. ముద్దాయి దావీదురాజు. సాక్షి దావీదురాజు. మూడు పక్కలా నీవే నిలబడితే, నేను న్యాయం ఎవరికి చెప్పాలయ్యా?"

దావీదురాజు వంగి మూడు కాగితాల కిందా తన పేరు చదువుకున్నాడు.

"ఇది చూడు. మీ ఊరికి సర్కారు బడి కావాలని అర్జీ."

అది అతని సేవకు కిరీటం వంటిది. ఒక్క వేలిముద్ర కూడా లేని అర్జీ జిల్లాలో ఇదే మొదటిదని అతను అందరితోనూ చెప్పుకున్నాడు. అర్జీ రాసి, సంతకాలు పెట్టించి ఇచ్చిరమ్మని శిష్యుల్లో ఒకడైన లేవికి అప్పగించి, తాను కోటు కుట్టించుకోవడానికి కర్నూలు వెళ్ళాడు.

"ముప్పై ఒక్క సంతకాలు. ముప్పై ఒక్క దావీదురాజులు" అన్నాడు తాసీల్దారు. "నా సర్వీసులో దొంగ సంతకాలు శానా చూసినా. నీ అంత సోమరిని చూడలేదు. పేర్లన్నా మార్చి రాయకూడదా?"

"అయ్యా, అవి నేను పెట్టలేదు!"

"దీంట్లో మాత్రం నువ్వు లేకుండా ఎట్లుంటావులే" అని రామకోటయ్య ఇంకో కాగితం అందించాడు. "పోయిన వారం మీ గుడిలో జరిగిన పెండ్లి పత్రం నకలు. కర్నూలుకు పంపమని మీ నాయనే ఇచ్చిపోయినాడు. పైన లేవి, సంతోషమ్మ అని ఆయన రాత. కింద చూడు. వరుడు దావీదురాజు. వధువు దావీదురాజు. సాక్షులిద్దరూ నువ్వే. భోజనాలు కూడా నువ్వే చేసినావా, లేక వేరే ఎవురికన్నా పెట్టినావా?"

అప్పుడు దావీదురాజుకు పలకలు గుర్తుకొచ్చాయి. ముప్పై ఒక్క పలకలు, ముప్పై ఒక్క దావీదురాజులు. అది అభిమానం కాదు. వాళ్ళు నేర్చుకున్నది సంతకం. లా కాలేజీ చేజారిపోతున్నందుకు గుండె జారిందో, డైరీలో రాసుకున్న పేజీ గుర్తొచ్చి జారిందో అతనికే తెలియలేదు. రెండూ కలిసి జారాయి.

అతను పలకల సంగతి చెప్పగా అంతా విని తాసీల్దారు నవ్వలేదు. "రేపు పది గంటలకు ఆ ముప్పై ఒక్కరినీ ఇక్కడ నిలబెట్టు. నా కళ్ళముందర సంతకం పెట్టి చూపించాల. లేదంటే ఫోర్జరీ కేసు. అప్పుడు కాలేజీ దాకా పోయే శ్రమ ఉండదు, నేరుగా కోర్టుకే పోవచ్చు."

అతను ఇల్లు చేరేసరికి వార్త అతని కంటే ముందు చేరింది. కోడుమూరు సంతకు పోయొచ్చిన వాళ్ళెవరో సగం విని, మిగతా సగం దారిలో తయారుచేసుకుని తెచ్చారు. రాహేలమ్మ గడపలో కూలబడి ఉంది.

"మాకు చెప్పకుండా పెండ్లి చేసుకుంటివా రాజూ? ఎవుర్తిరా ఆ పిల్ల?"

"ఎవరూ లేరమ్మా. నన్ను నేనే చేసుకున్నానంట."

"చేయించింది మీ నాయనేనంట కదరా!"

ఆనందం అయ్యవారు అరుగుమీద తల దించుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళద్దాల్లో ఒక అద్దం గుడ్ ఫ్రైడే నాడు పగిలింది. "నాకు అక్షరాలు మసకమసగ్గా కనపడినాయి. గుండ్రంగా ఉండాయి కదా, సరిగానే ఉంటాయి అనుకుంటి" అన్నాడు.

దావీదురాజు గుడి గంట కొట్టి అందరినీ పోగుచేశాడు. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. "మీరు రాస్తాండేది సంతకం కాదు, నా పేరు. ఎవరి పేరు వాళ్ళు రాయల్ల. ఇద్దరు ఒకే సంతకం పెట్టగూడదు" అన్నాడు.

వసారా అంతా గుసగుసలాడింది. జీవమ్మ లేచింది. "ఏమప్పా, ఇంతకుముందు మేము వేలన్నా ముంచుతాంటిమి, ఇంటు గుర్తన్నా పెడ్తాంటిమి. నాకూ అదే ఇంటు, పెద్దన్నకూ అదే ఇంటు, సచ్చిపోయిన నా మొగునికీ అదే ఇంటు. సర్కారోళ్ళు ఒక్కనాడన్నా ఇది ఎవుని ఇంటు అని అడిగిరా? ఆ ఇంటు బదులు ఇది పెట్టమంటివి. పెడ్తిమి. తప్పు యాడుండాది?"

"నాకైతే ఇది నేర్చుకోను పదైదు దినాలు పట్టె. ఇంగొగటి నా వల్ల కాదు" అన్నాడు పెద్దన్న. కొత్త పెళ్ళికొడుకు లేవి మాత్రం ఆందోళనగా, "అన్నా, మా పెండ్లి అయినట్టా, కానట్టా?" అని అడిగాడు. పక్కన సంతోషమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికో నవ్వడానికో దావీదురాజు చూడలేదు.

అతను ఒక్కొక్కరి పలకమీద వాళ్ళ వాళ్ళ పేరు రాసిచ్చాడు. పొద్దు వాలేదాకా తంటాలు పడ్డా ఎవరికీ రెండో అక్షరం దాటలేదు. జీవమ్మ తన పేరులో మొదటి అక్షరాన్ని నాలుగుసార్లు చెరిపి రాసి, పలక ఒళ్ళో పెట్టుకుంది.

"అట్లయితే రాజూ, మాకు రాయను రానట్టేనా?"

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. ఆమె నోట మాట మెల్లగా రావడం దావీదురాజు వినడం అదే మొదటిసారి. అరవై అయిదేళ్ళకు పలక పట్టిన మనిషికి తాను చేసిపెట్టిన పని ఇదా అని అతనికి నిజంగా సిగ్గేసింది. "వస్తాదిలే అవ్వా. ముందు ముందు వస్తాదిలే" అన్నాడు.

మర్నాడు పది గంటలకు బంగళా ముందు ముప్పై ఒక్కమందీ తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వరుసగా నిలబడ్డారు. రామకోటయ్య కలం అందించాడు. పెద్దన్న నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, "దావీదురాజు" అని రాశాడు. లేవి రాశాడు. సంతోషమ్మ రాసింది. జీవమ్మ కలాన్ని రెండుసార్లు విదిలించి, రామకోటయ్య చొక్కా మీద రెండు చుక్కలు వేసి, తర్వాత రాసింది. దావీదురాజు కళ్ళు మూసుకున్నాడు.

తాసీల్దారు పాత కాగితాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పోల్చి చూశాడు. అరగంట పట్టింది. పెద్దన్న కొమ్ము ఎప్పుడూ పక్కకు పడుతుంది. సంతోషమ్మ దీర్ఘం పొట్టిది. లేవి "జ" ఎప్పుడూ బోర్లా పడి ఉంటుంది. జీవమ్మ అక్షరాలు గుండ్రంగా, దేనికదే విడిగా నిలబడతాయి. ముప్పై ఒకటీ ముప్పై ఒక్క రకాలు. పాత కాగితాల్లో ఏది ఎవరిదో పోల్చడంలో ఎక్కడా తేడా రాలేదు.

"పేరు రాయలేని మనిషి ఏ గుర్తు పెట్టినా అది సంతకమే. చట్టంలో అట్లే ఉండాది" అన్నాడు తాసీల్దారు. "వీళ్ళ గుర్తు దావీదురాజు. ఎవరి గుర్తు వాళ్ళదే. అర్జీ చెల్లుతుంది, బడికి పైకి రాస్తా. పెండ్లీ చెల్లుతుంది. మేకల సంగతి ఇప్పుడే తేల్చేస్తా. లా చదవబోయేవాడివి, ఇది నీకంటే ముందు వీళ్ళకు తెలిసింది."

జీవమ్మ దావీదురాజు వైపు చూసిన చూపులో అరవై అయిదేళ్ళ ఓర్పు ఉంది. లేవి, సంతోషమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దన్న ఒక్కడికే సంతోషం కలగలేదు, మేకల సంగతి తేలిపోతోంది గనక.

నడవడి పత్రం తయారైంది. రామకోటయ్య పుస్తకం తెరిచాడు. "అందినట్టు ఈడ సంతకం చెయ్యి."

దావీదురాజు ఊపిరి పీల్చుకుని, కోటు సర్దుకుని, తన ఇంగ్లీషు సంతకం పెట్టి, కింద రెండు తోకలు గీశాడు. రామకోటయ్య దాన్ని చూశాడు. ఎదురుగా ఉన్న ముప్పై ఒక్క నమూనాలూ చూశాడు. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాడు.

"దావీదురాజు సంతకాలు మా దగ్గర ముప్పై ఒకటి ఉండాయి. ఇది ఒక్కదానితోనూ కలవలేదు" అన్నాడు తాసీల్దారు బయటికి వచ్చి.

"నేనే అసలు దావీదురాజునండీ!"

"కావచ్చు. కానీ ఆ పేరుతో ఏ సంతకం పెట్టినా ఈ కచేరీలో ఇంక నమ్మేదెట్లా? వేలైతే ఎవరిది వాళ్ళదే. రామకోటయ్యా, సిరా డబ్బా తీసుకురా."

కర్నూలు బస్సు వచ్చేవేళ అయింది. దాని తర్వాత రైలుకు అందే బస్సు ఇంకోటి లేదు. ముప్పై ఒక్కమంది శిష్యులు చూస్తుండగా దావీదురాజు, బి.ఏ., ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి పుస్తకంలో ఒత్తాడు. "వేలిముద్ర ఈ మనిషిదే అని చదువొచ్చిన సాక్షి ఒకరు సంతకం పెట్టాల" అని రామకోటయ్య అనగానే, ఎవరూ అడగకముందే జీవమ్మ ముందుకొచ్చి కలం అందుకుంది.

సంతకం పెట్టాక ఆమె అతని చెయ్యి లాక్కుని, నల్లబడిన వేలిని తన కొంగుతో తుడిచింది. "సిగ్గెందుకు నాయనా. నీకూ ముందు ముందు వస్తాదిలే."

పుస్తకంలో ఆ వేలిముద్ర పక్కన, ఎవరూ వంక పెట్టలేనంత గుండ్రంగా, సాక్షి సంతకం ఉంది: దావీదురాజు.