మండపానికి సున్నం కొట్టిన నేరం

పాత కట్టడాలను కాపాడాలంటే వాటి జోలికి ఎవరూ పోకూడదు. ముఖ్యంగా, కాపాడాలనుకునేవాళ్ళు అసలు పోకూడదు!

నమ్మరా? బంగారుపేటలో రైలు దిగి, బూదికోట బస్సెక్కి మా జంబుగుట్టపల్లికి రండి. ఊరి చివర, శ్మశానం దారిలో ఒక రాతి మండపం ఉంది. కోటల కాలం నాటిది. ఏ రాజు కట్టించాడో మాకు తెలియదు. దాన్ని చూసుకునే పురావస్తు శాఖవారికీ తెలిసినట్టు లేదు, బోర్డు మీద ఆ చోటు ఖాళీగా వదిలేశారు. మిగతాది మాత్రం స్పష్టంగా రాశారు. ఈ కట్టడానికి హాని చేసినవారికీ, మార్పులు చేసినవారికీ జైలుశిక్ష.

బోర్డు పాతి వెళ్ళినవారు మళ్ళీ రాలేదు. అందువల్ల కలిగిన మేలు అంతా ఇంతా కాదు. కప్పుకు చిల్లి పడింది, లోపలికి వెలుతురు వచ్చింది. స్తంభం ఒకటి ఒరిగింది, మేకలు ఒళ్ళు రుద్దుకోవడానికి వీలైంది. గోడ పగులులో రావి మొక్క మొలిచింది, పర్యావరణం బాగుపడింది. వెనకటికి రాళ్ళ మీద పేర్లు చెక్కించుకునే భాగ్యం రాజులకే ఉండేది. ఇప్పుడు ప్రేమలో పడ్డ ప్రతి కుర్రవాడికీ ఆ హక్కు దక్కింది. ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏముంటుంది?

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేసినవాడు చిక్కవెంకటప్ప.

మనిషి చెడ్డవాడు కాదు. రాగిచేను, రెండు ఆవులు, తన పని తనది. అతని కథ చెప్పాలంటే ముందు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు పాడెను ఈ మండపంలో దింపుతారు. బాగా దగ్గరివాళ్ళు చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలికితే ఇంటికి, పలక్కపోతే ముందుకు. ఇంతవరకు ఎవరూ పలకలేదు. అయినా పిలవకుండా ఎవరినీ పంపలేదు.

కిందటేడు మాఘంలో అతని భార్య చిక్కమ్మ పోయింది. కప్పుబండ ఒకటి జారి వేలాడుతోందని మోసేవాళ్ళు లోపలికి పోలేమన్నారు. పాడెను రోడ్డు మీదే దింపారు. వెనక కంకరజల్లి టిప్పర్లు ఆగిపోయాయి. ఆ హారన్ల మధ్య చిక్కవెంకటప్ప వంగి పిలిచాడు. తన గొంతు తనకే వినపడలేదు.

అప్పటినుంచి అతనిది ఒకటే మాట.

"నేను పిలిచింది దానికి ఇనపడలేదప్పా. పిలవకుండానే పంపించేసినట్టు ఉండాది."

కిరాణా అంగడి నాగేంద్రప్ప సర్దిచెప్పబోయాడు. "ఇనపడినా పలికేది కాదులే. ఇన్నేండ్ల కాపురంలో నువ్వు ఒక్క పిలుపు పిలిస్తే యానాడన్నా పలికిందా ఆయమ్మ?"

చిక్కవెంకటప్ప కూడా నవ్వాడు. నవ్వి, మళ్ళీ అదే మాట అన్నాడు.

ఆ బండను సరిచేయమని శాఖకు అర్జీ పెట్టుకున్నాడు. నిధులు లేవన్నారు. కనీసం పాడె దింపుకోవడానికి ఓ మూల బాగుచేసి ఇవ్వమన్నాడు. దానికి మాత్రం వివరంగా జవాబు వచ్చింది. రక్షిత కట్టడంలో ఏ కార్యక్రమం జరపాలన్నా పక్షం రోజుల ముందుగా తెలియజేయాలట. కార్యక్రమంలో ముఖ్యంగా పాల్గొనేవారు స్వయంగా సంతకం చేయాలట. ఆధార్ జతపరచాలట.

న్యాయమే కదా? తప్పంతా మా ఊరివాళ్ళది. క్రమశిక్షణ లేదు. చెప్పాపెట్టకుండా పోతారు.

ఏడాది తిరిగి సంవత్సరీకం దగ్గరపడింది. అంతకుముందే ఇంటికి సున్నం కొట్టడం మావైపు పద్ధతి. చిక్కవెంకటప్ప ఇంటికి కొట్టాడు. బకెట్లో సున్నం మిగిలింది. చిక్కమ్మ చివరిసారిగా దిగవలసిన చోటు ఇంటికింద లెక్కే కదా అనుకున్నాడు. మండపానికీ కొట్టాడు.

కొట్టి ఊరుకున్నాడా? రావి మొక్క పీకేశాడు. పగుళ్ళలో మట్టి మెత్తాడు. ద్రాక్షతోటలో పాతే రాతికంబం తెచ్చి, వేలాడే బండకింద ఊతం పెట్టాడు. గోడల అడుగున ఎర్రమన్నుతో పట్టె తీర్చాడు.

ఏళ్ళ తరబడి కనపడని శాఖవారి జీపు మర్నాడే వచ్చింది! ఆఫీసరు రశ్మి దిగింది. చిన్న వయసు, ఉద్యోగం కొత్త.

"ఎవరప్పా చేసినారు ఇది?"

"నేనేమ్మా చేసినాను. బాగుండాదా?"

"ఇది రక్షిత కట్టడం. దీన్ని మార్చేసినావు."

"మార్చలేదమ్మా. పడిపోతా ఉంటే నిలబెట్టినాను."

"అదే మార్పు."

ఎంత లోతైన మాట! పడిపోవడమే ఆ మండపం అసలు స్వరూపం. నిలబెడితే చరిత్ర చెడిపోదా?

వారం తిరక్కముందే పైనుంచి ఉత్తర్వు దిగింది. ముద్దాయి తన ఖర్చుతో కట్టడాన్ని పూర్వస్థితికి తేవాలి. సున్నం గీకాలి. పగుళ్ళలో మట్టి తీసేయాలి. పీకిన రావి మొక్కను ఆ పగులులోనే నాటాలి. అదేమో అప్పటికే మేకల కడుపులోకి పోయింది. కొత్త మొక్క తెచ్చి, వేళ్ళూని గోడను ఇదివరకటిలాగే చీల్చేదాకా నీళ్ళు పోయాలని తేల్చారు. రాతికంబం సంగతి తేలలేదు. తీస్తే బండ పడుతుంది, అది హాని. ఉంచితే మార్పు. ఫైలు బెంగళూరు పోయింది. కంబం నిలబడే ఉంది.

ఈ పనుల కోసం చిక్కవెంకటప్పకు లోపలికి వెళ్ళే అనుమతి ఇచ్చారు, ముద్ర వేసి మరీ. అడిగినప్పుడు దొరకనిది శిక్షగా దొరికింది.

రోజూ పొద్దున చెంబెడు నీళ్ళు మొక్కకు పోస్తాడు. గరిటె కాడతో అరచేయంత మేర సున్నం గీకుతాడు. అంతకుమించి గీకడు. ఆ తర్వాత పాడె దింపే అరుగు దగ్గర కూర్చుని, వంగి, పేరు పెట్టి పిలుస్తాడు. లోపల చప్పుడు ఉండదు. పిలుపు రాళ్ళకు తగిలి కాసేపు నిలుస్తుంది.

ఒకరోజు తనిఖీకి వచ్చిన రశ్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరిని పిలుస్తా ఉండావప్పా?"

"మా ఇంటిదాన్నమ్మా. ఈడైతే బాగా ఇనపడతాది."

ఆమె ఉత్తర్వు కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివింది. "పిలిచేది మార్పు కిందికి రాదులే" అంది చివరికి. గోడ వైపు చూసింది. "ఇంగ ఎన్నాళ్ళు పడతాదప్పా గీకేది?"

"గోడ పెద్దదమ్మా."

పని జరుగుతోందని రాసుకుని వెళ్ళిపోయింది. నిదానంగా జరుగుతోందని రాయలేదు.

కాబట్టి శాఖవారికి నా మనవి. మా మండపాన్ని బాగుచేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. బాగుచేస్తే తాళం వేస్తారు, టికెట్టు పెడతారు. మా దారి మేం వెతుక్కున్నాం. మంచం పట్టిన అత్తగారున్న విశాలమ్మ నిన్ననే నాగేంద్రప్ప అంగట్లో సున్నం కొనిపెట్టుకుంది. పెద్దప్రాణాలున్న ఇళ్ళవాళ్ళంతా ఒక్కొక్కరుగా అదే అంగడికి పోతున్నారు.

పోయినవారిని నీడపట్టున దింపి, వినపడేలా ఒకసారి పేరు పెట్టి పిలవాలంటే మా ఊళ్ళో ముందు నేరస్థులు కావాలి.

మేం సిద్ధంగానే ఉన్నాం.